ఓవెన్ ‘పోయింది’ అంటే సరిపోదు

తెలుగు నేర్చుకునే మనందరికీ త్వరగా వచ్చేసే మాట ఒకటుంది: పోయింది. కరెంటు పోయింది, ఫోను పోయింది, పక్కింటి తాతగారు పోయారు. ఒక్క మాటతో మూడు కష్టాలు చెప్పేయొచ్చు. అందుకే మా షామ్‌బర్గ్‌లో ఎవరింట్లో ఓవెన్ మీద ‘ఎఫ్3’ అని వచ్చి కుయ్ కుయ్ మన్నా, “ఓవెన్ పోయింది” అనేస్తారు. నాకు ఈ వాడకం నచ్చదు. భాష మీద పట్టింపుతో కాదు. డబ్బు గురించి, కొంచెం భద్రత గురించి కూడా.

ఎఫ్3 అంటే ఓవెన్ పోయిందని కాదు. చాలా జీఈ ఓవెన్లలో దాని అర్థం, వేడిని కొలిచే సెన్సర్ లైను ఎక్కడో తెగిందని. ఎఫ్4 అంటే ఆ లైను షార్టయిందని. తెగడం వేరు, అంటుకోవడం వేరు. తెగితే కరెంటుకు దారి లేదు. రెండు తీగలు ఒకదానికొకటి అంటుకుంటే ఉండకూడని అడ్డదారి దొరికినట్టు. ఈ రెండు క్రియలు వస్తే చాలు, ఈ రెండు కోడ్లూ తెలుగులోనే అర్థమవుతాయి.

అదే జీఈలో ఎఫ్2 అంటే లోపల మరీ వేడెక్కిందని, ఎఫ్7 అంటే ఏదో బటన్ నొక్కుకుపోయి ఉందని. వర్ల్‌పూల్‌లో ఎఫ్2తో మొదలయ్యేవి మాత్రం చాలావరకు బటన్ల గొడవలు. ఒకరి వేడి ఇంకొకరి బటన్ అన్నమాట! కాబట్టి మీ పిన్నిగారి ఓవెన్‌లో ఎఫ్2కి ఏం చేశారో అడిగి లాభం లేదు. మీ మోడల్ కాగితమే చూడాలి. మెకానిక్ కోసం ఆ కాగితాన్ని చాలా కంపెనీలు కింద డ్రాయర్ వెనకో, కంట్రోల్ ప్యానెల్ లోపలో దాచి పెడతాయి. కొన్నవాళ్ళకు కనిపించేలా ఎందుకు పెట్టరో మరి.

కోడ్ జ్వరం లాంటిది. జ్వరం ఉందని తెలిస్తే రోగం తెలిసినట్టు కాదు కదా. సెన్సర్ కోడ్ రాగానే కొత్త సెన్సర్ కొనేవాళ్ళున్నారు. తీరా చూస్తే వెనక కనెక్టర్ వదులై ఉంటుంది, లేదా తీగ మాడి ఉంటుంది. బ్రేకర్ ఆపి, చల్లారిన సెన్సర్ ప్లగ్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే, మామూలు గది వేడిలో సుమారు 1,080 నుంచి 1,100 ఓమ్‌ల దాకా చూపించాలి. ఆ అంకె వస్తే తప్పు సెన్సర్‌ది కాకపోవచ్చు. తీగనో బోర్డునో అనుమానించాలి. మల్టీమీటర్ పట్టడం అలవాటు లేకపోతే ఇక్కడే ఆగి మెకానిక్‌ని పిలవండి. కానీ అతనికి “పోయింది” అని కాకుండా కోడ్, మోడల్ నంబర్, అప్పుడేం వండుతున్నారో చెప్పండి.

మన వంటిళ్ళ సంగతి వేరే చెప్పాలి. సగం ఇళ్ళలో ఓవెన్ అంటే మూకుళ్ళు దాచుకునే అలమర. చూడకుండా ఆన్ చేస్తే మూకుడు పిడి కరుగుతుంది. చాలా స్టవ్‌లకు బటన్ల ప్యానెల్ వెనకే, బర్నర్ల పైనే ఉంటుంది. కుక్కర్ ఆవిరి, తిరగమోత నూనె అంతా దాని మీదే. బటన్ కోడ్ వస్తే ముందు పొడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి చూడండి. ఇంకొకటి, పండగ ముందురోజు సెల్ఫ్ క్లీన్ పెట్టకండి. అది 800 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటి కాల్చి, చల్లారేదాకా తలుపుకు తాళం వేసేస్తుంది. అంత వేడికి తాళం దగ్గరి భాగాలు, ఫ్యూజు దెబ్బతింటే తలుపు కోడ్ వచ్చి కూర్చుంటుంది. నా మటుకు నేను ఆ బటన్ ముట్టుకోను.

కోడ్ ఏమీ రాకుండానే మొరాయించే ఓవెన్ కూడా ఉంటుంది. గడియారం వెలుగుతుంది, లోపల వేడెక్కదు. ఇక్కడ ఎలక్ట్రిక్ ఓవెన్‌కి 240 వోల్టులు రెండు 120 వోల్టుల లైన్లుగా వస్తాయి. ఒకటి ఆగిపోతే దీపం, గడియారం బతికే ఉంటాయి, వేడిచేసే కాయిల్ పనిచేయదు. ఇది పొలంలో బోరు మోటారు నడిపిన ఏ తాతయ్యకు చెప్పినా వెంటనే పట్టుకుంటారు. “ఒక ఫేజు పోయిందన్నమాట” అంటారు. అక్కడిది మూడు ఫేజుల లైను, ఇక్కడిది వేరు, కానీ కష్టం పోలిక ఒకటే. ఈ ‘పోయింది’కి మాత్రం నేనేమీ అనను. ఏది పోయిందో చెప్పారు కదా.

ఇదంతా తెలుగులో ఎందుకంటారా? ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు. కోడ్ అరిచేది అప్పుడే. ఫోన్‌లో ఈ నాలుగు ముక్కలు చెప్పగలగాలి:

“అమ్మమ్మా, క్యాన్సిల్ నొక్కు. ఆగలేదా? అయితే బ్రేకర్ ఆపు, ఐదు నిమిషాలాగి మళ్ళీ వెయ్. మళ్ళీ అరిస్తే ఆపేసి వదిలెయ్. లోపల మంట కనిపిస్తే తలుపు తెరవకు, బయటికొచ్చి 911కి ఫోన్ చెయ్.”

ఆపు, వెయ్, తెరవకు. మన పాఠాల్లో పండగ పిండివంటల పేర్లన్నీ ఉన్నాయి కానీ ఇవి ఎంతమందికి తడుముకోకుండా వస్తాయి?

ఈ శనివారం బ్రేకర్ పెట్టె తెరిచి, ఓవెన్ డబుల్ బ్రేకర్ పక్కన తెలుగులో ‘ఓవెన్’ అని రాయండి. బట్టలారేసే మెషీన్‌ది కూడా అలాగే జంటగా ఉంటుంది. దాని పక్కనా పేరు రాయండి, లేకపోతే అమ్మమ్మ దాన్ని ఆపేస్తుంది.