సమ్మతియు, మౌనమును

పిల్లలకు శరీరధర్మములు బోధించినచో నీతి చెడునని వాదించువారు మనలో నేటికిని పెక్కురు గలరు. బాలికను చెరచినవానిని ఉరితీయవలెనని ఎలుగెత్తువారును వారే. ఈ రెండు మాటలకును పొత్తు కుదరదని మేము చెప్పుచున్నాము.

చట్టము తన పని కొంత చేసినది. 1860 నాటి శిక్షాస్మృతిలో సమ్మతి వయస్సు 10 ఏండ్లు. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి మరణము విచారణకు వచ్చెను. భర్త సంగమముచేత ఆ పసిది మరణించినను, ఆమెకు 10 ఏండ్లు దాటినవి గనుక అతనిపై బలాత్కార నేరము నిలువలేదు. 1891లో ఆ వయస్సును 12కు పెంచినపుడు మతము మునిగిపోవుచున్నదని గగ్గోలు పుట్టినది. మతము మునుగలేదు. 2012 నాటి పోక్సో చట్టముతో ఆ వయస్సు 18 అయినది. భార్యయైన బాలికకును ఆ రక్షణ కలదని 2017లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

అయినను ఈ యంకె మన గడప దాటి లోనికి రాలేదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, 20-24 ఏండ్ల స్త్రీలలో 18 నిండకయే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29 మందికి పైగా, తెలంగాణమున 23 మందికి పైగా నుండిరి.

దీనికి మన మౌనమును ఒక కారణమే. బాలిక పుష్పవతి కాగానే బంధువులను పిలిచి, పీటపై కూర్చుండబెట్టి, చిమ్మిలి పంచి వేడుక చేయుదుము. ఊరెల్ల నెరిగిన యా మార్పు ఏమిటో, ఎందులకో ఆ బాలికకు మాత్రము ఎవ్వరును చెప్పరు! ఊరికి చాటుటకు లేని సిగ్గు బిడ్డకు చెప్పుటకు ఎక్కడనుండి వచ్చెను?

ఇది మన సంప్రదాయము కాదందురా? 16 ఏండ్లు నిండని స్త్రీ గర్భము ధరించుట హానికరమని సుశ్రుతుడు శారీరస్థానమున స్పష్టముగా చెప్పెను. ఆ పాఠము శిష్యులకు చెప్పిన గురువులకు రాని సిగ్గు నేటి ఉపాధ్యాయులకేల? 2007లో కౌమార విద్యను నిలిపివేసిన మహారాష్ట్ర, కర్ణాటకాది ప్రభుత్వములు ఏ సంప్రదాయమును కాపాడినవి?

సమ్మతి యనగా తెలిసి ఒప్పుకొనుట. తెలియనీయక సమ్మతిని గూర్చి చట్టములు చేసినచో ఫలమేమి? తనకు జరిగినది నేరమని యెరుగని బిడ్డ ఎవరితో మొరపెట్టుకొనును? 17 ఏండ్ల బాలబాలికలు వలచి కలిసినను చట్టదృష్టిలో నది నేరమే. ఆ సంగతి వారికి పోలీసు ఠాణాలో తెలియుట మేలా, తరగతిలో తెలియుట మేలా?

తల్లులారా, తండ్రులారా! కూతునకు "వద్దు" అని చెప్పుట నేర్పుడు. కుమారునకు ఆ మాట విని ఆగుట అంతకంటె ముందుగా నేర్పుడు. మీరు చెప్పని పాఠమును వీధి చెప్పకమానదు. ఆ గురువునకు నీతితో పనిలేదు.