తడిసిన బస్తా ఎవరి ఖాతాలో రాయాలి?



మా అబ్బా లారీ నడిపేవారు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్ళేవారు. సంతలో షావుకారు కొన్న కాఫీ గింజలు, మిరియాలు, రాజ్‌మా బస్తాలు కిందికి దింపేవారు. మా ఇంటి రోజీ రోటీ అదే. మా చదువులు, ఆపా నిఖా అన్నీ ఆ ఘాట్ రోడ్డు పుణ్యమే.

ఒక డిసెంబర్‌లో గాలికొండ దగ్గర మంచుతో పాటు వాన కూడా పట్టుకుంది. టార్పాలిన్ చిరిగి ఉండటంతో కోటకి చేరేసరికి నాలుగు బస్తాలు తడిశాయి. అబ్బా దాచకుండా షావుకారుకి చెప్పారు. "అడుగున వేసి పైన పొడివి పేర్చు భాయ్, ఎవరు చూడొచ్చారు?" అన్నాడాయన. అబ్బా అలాగే పేర్చారు. కొన్నాళ్ళకి సరుకు బూజు వాసన కొడుతోందని కింద కొన్న వ్యాపారి ధర కోశాడు. షావుకారు ఆ నుక్సాన్‌ని తన జేబులోంచి పెట్టుకోలేదు, అబ్బా కిరాయిలోంచీ పట్టుకోలేదు. తర్వాతి సంతలో, కాఫీ తెచ్చిన ఒక ముసలి గిరిజన రైతు లెక్కలో "తేమ తరుగు" అని కోసేశాడు. అబ్బా పక్కనే నిలబడి చూశారు, నోరు విప్పలేదు. విప్పితే మర్నాటి నుంచి కిరాయి ఉండదు.

ఈ సంగతి అబ్బా నాకు చెప్పింది చివరి రోజుల్లో. "ఆ ముసలాయన ఊరేదో కూడా అడగలేదు బేటా. హుఖూఖుల్ ఇబాద్ అది. ఆయన మాఫ్ చేస్తే తప్ప తీరదు" అన్నారు.

ఇప్పుడు అరకు కాఫీ పేరు ఎక్కడ విన్నా నాకు ఆ నాలుగు బస్తాలే గుర్తొస్తాయి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మనందరికీ ఖుషీ కలిగించే సంగతులే. అయితే ఆ కప్పు బాగుంటే పేరు బ్రాండుకి, బాగోకపోతే తప్పు కొండ మీది రైతుకి అన్న పద్ధతి మారిందా? ఈరోజు నా సవాల్ అదే.

కాఫీ గింజకి అసలు దుష్మన్ తేమ. రైతు ఎర్రగా పండిన పండునే కోయాలి. అదే రోజు పల్పర్‌లో తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టాలి. తేమ పది, పదకొండు శాతానికి దిగేదాకా రోజుల తరబడి తిరగేస్తూ ఉండాలి. అంతర్జాతీయ కాఫీ సంస్థ చెప్పిన హద్దు 12.5 శాతం. అది దాటితే బూజు పడుతుంది. కొన్ని బూజులు ఓక్రాటాక్సిన్ అనే జహర్ పుట్టిస్తాయి, వేయించినా అది పూర్తిగా పోదు. కాబట్టి ఇది రుచి సంగతి మాత్రమే కాదు, తాగేవాడి సేహత్ సంగతి కూడా.

రైతు సరిగ్గా ఎండబెట్టి ఇచ్చాడనుకుందాం. ఆ తర్వాత గింజ గోదాములో ఉంటుంది, లారీ ఎక్కుతుంది, కంటైనర్‌లోకి చేరుతుంది. మన ఉక్కపోతలో మూసిన కంటైనర్ చలిదేశం చేరేసరికి ఇనుప గోడలు చల్లబడతాయి. లోపలి ఆవిరి పైకప్పుకి పట్టి చుక్కలుగా బస్తాల మీద రాలుతుంది. షిప్పింగ్ వాళ్ళు దీన్ని కంటైనర్ వాన అంటారు. అందుకే గోడలకి దళసరి కాగితం కట్టాలి, తేమ పీల్చే సంచులు వేలాడదీయాలి, తడి చెక్క ఉన్న కంటైనర్‌ని వాపస్ చేయాలి. ఇందులో ఒక్క పని కూడా రైతు చేతిలో లేదు. మరి తరుగు మాత్రం అతని లెక్కలోనే ఎందుకు పడాలి?

ఓడల ప్రపంచం ఈ పాఠాన్ని దెబ్బ తిని నేర్చుకుంది. 2007 జనవరిలో ఇంగ్లీష్ ఛానల్ దగ్గర తుఫానులో ఎంఎస్‌సీ నాపోలీ అనే ఓడ దెబ్బతింది. తర్వాత డెక్ మీది 660 కంటైనర్లు తూస్తే 137 కంటైనర్ల అసలు బరువుకీ కాగితం మీది బరువుకీ మూడు టన్నులకు మించి తేడా వచ్చింది. ఎవరికి వాళ్ళు "నా ఒక్క అబద్ధంతో ఏమవుతుందిలే" అనుకున్నారన్నమాట. 2016 జులై 1 నుంచి తూచిన బరువు ప్రకటించని కంటైనర్‌ని ఓడ ఎక్కించకూడదన్న రూల్ వచ్చింది. ఆ బరువు చెప్పే జిమ్మేదారీ సరుకు పంపేవాడిది. కంటైనర్ ఎలా నింపాలో, ఎవరి పని ఏమిటో చెప్పే నియమావళిని ఐక్యరాజ్య సమితి సంస్థలు మూడు కలిసి 2014లో తెచ్చాయి. బరువుకి ఇంత లెక్క రాసుకున్న ప్రపంచం తేమకి రాసుకోలేదా?

మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టిన వాఖియా మీకు తెలిసిందే. లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. తడిని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. వాన పడటం నేరం కాదు, దాన్ని అడుగున దాచడం దగా. మా అబ్బా బస్తాలు పేర్చింది అచ్చం అలాగే.

కొందరు భాయిలు అంటారు, "రైతులు కూడా బరువు కోసం తడి గింజలు కలుపుతారు కదా" అని. కలిపేవాళ్ళు ఉన్నారు, కాదనను. బరువుకే పైసలిచ్చి, ఎండబెట్టిన మెహనత్‌కి ఏమీ ఇవ్వకపోతే ఎవరు మాత్రం ఎండబెడతారు? ఇంట్లో బియ్యం నిండుకున్నవాడు పది రోజులు ఆగలేడు. ఆగినవాడికి మంచి ధర, ఆగలేనివాడికి వడ్డీ లేని అడ్వాన్స్ ఇస్తే ఆ కల్తీ చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

2025లో అరకు తోటల్లో కాయ తొలుచు పురుగు బయటపడింది. నీలగిరుల్లోని గూడలూరులో 1990లో మన దేశంలో మొదట కనిపించిన పురుగు ఇది. పట్టిన కాయల్లో, వాటిని మోసిన గోనె సంచుల్లో ఊళ్ళు దాటుతుంది. ఒక రైతు రాలిన కాయలన్నీ ఏరినా, పక్క తోటవాడు వదిలేస్తే లాభం లేదు. తోటలన్నీ శుభ్రం చేసినా, దులపని సంచులు లారీలో తిరిగి పైకి వెళితే అంతా బర్బాద్. అంటే ఇక్కడ డ్రైవర్ కూడా తోటమాలే.

ఇక యూరప్ వాళ్ళు 2023లో చట్టం తెచ్చారు. 2020 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ తీసుకోరట, ఏ తోటలో పండిందో మ్యాపు మీద చూపాలట. అమలు వాయిదా పడుతూ వచ్చినా రావడం ఖాయం. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య ఎకరం, రెండెకరాలు చేసుకునేవాడు ఆ కొలతల ఖర్చు ఎక్కడ తెస్తాడు? పెద్ద ధర తీసుకునేవాడే పెట్టుకోవాలి. ఇన్సాఫ్ అంటే అదే.

నేను అడిగేది చిన్న పని. కొన్నచోటే రైతు ఎదుట తేమ మీటర్ పెట్టాలి. అంకె చీటీ మీద రాసి ఒక నకలు అతనికివ్వాలి. లారీ ఎక్కేటప్పుడు, గోదాములో దిగేటప్పుడు, కంటైనర్ మూసేటప్పుడు మళ్ళీ రాయాలి. అంకె ఎవరి చేతిలో పెరిగిందో తరుగు వాళ్ళదే. ఐటీడీఏ, గిరిజన సహకార సంస్థ, రైతు సంఘాలు, ఎగుమతిదారులు కూర్చుని ఒప్పుకుంటే దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

"పారిస్ కప్పుతో మనకేం పని?" అనుకోకండి. కాఫీతో మనది పాత రిష్తా. యెమన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో మెలకువ కోసం తాగిన ఖహ్వా ఇది. ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని చెప్పుకునే బాబా బుడన్ మనవాడే. నేటికీ లారీలు, గోదాములు, హమాలీ పని, మిరియాల తిజారత్‌లో మనవాళ్ళు ఎందరో. మన చేతికొచ్చిన బస్తా అమానత్.

నేను అరకు వెళ్ళినప్పుడల్లా సంతలో కాసేపు నిలబడతాను. ఆ ముసలాయన ఇప్పటికి ఉండి ఉండరు. ఆయన పిల్లలెవరో తెలిసే దారీ లేదు. అబ్బా పేరు మీద సదఖా ఇస్తూనే ఉన్నాను, అయినా అది ఆయన హక్‌కి బదులు కాదని నాకు తెలుసు. మీలో లారీ ఉన్నవాళ్ళు, కాంటా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, తడిసిన బస్తాని పైనే పెట్టండి. అబ్బా కోసం దువా చేయండి.