తువ్వాలు బిరుసెక్కితే

పిల్లలూ! ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి కిందటి నెల నాకు ఉత్తరం వ్రాసింది. వాళ్ళ నాయనమ్మకు ఎనభై ఏళ్ళు దాటాయట. స్నానం చేసి ఒళ్ళు తుడుచుకుంటే తువ్వాలు గీసుకొని చేతుల మీద ఎర్రని చారలు పడుతున్నాయట. వాళ్ళ అమ్మ కొట్టునుంచి బట్టలను మెత్తబరచే ద్రవం ఒక సీసా తెచ్చింది. తువ్వాలు మెత్తబడింది గాని, కొన్నాళ్ళకు నీరు పీల్చడం మానేసింది. పైగా ఆ వాసనకు నాయనమ్మకు ఒకటే తుమ్ములు! "సీసా అయిపోవచ్చింది. మళ్ళీ కొనడానికి నాన్న ఒప్పుకోవడం లేదు. ఇంట్లో ఉన్నవాటితో ఏమైనా చేయవచ్చా, మాష్టారూ?" అని అడిగింది.

మంచి ప్రశ్న. ఐతే, మందు చెప్పేముందు జబ్బు ఏమిటో తెలియాలి గదా! అసలు తువ్వాలు ఎందుకు బిరుసెక్కుతుంది?

ఇది తెలుసుకోవడానికి మీరు ఒక చిన్న ప్రయోగం చేయాలి. మూతలు గల గాజు సీసాలు రెండు తీసుకోండి. ఒకదానిలో సగంవరకు వాననీరు పోయండి. రెండవదానిలో అంతే బోరునీరు పోయండి. ఒంటికి రుద్దుకొనే మామూలు సబ్బును చాకుతో సన్నగా గీకి, రెండింటిలోనూ సమానంగా వేయండి. బట్టల పొడి వేయవద్దు. అది వేరే జాతి. మూతలు బిగించి ఇరవైసార్లు గట్టిగా కుదపండి. వాననీటి సీసాలో నురుగు మెడదాకా పొంగుతుంది. బోరునీరు ఉప్పునీరైతే అందులో నురుగు అంతంతమాత్రమే. పైన మాత్రం విరిగిన పాలలాగా తెల్లని తెట్టు కడుతుంది.

ఆ తెట్టు ఎక్కడినుంచి వచ్చింది? భూమిలో రాళ్ళగుండా ఊరే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. ఇవి ఎక్కువగా ఉన్న నీటినే కఠినజలం అంటారు. సబ్బు ఈ లవణాలతో కలిసినప్పుడు నీటిలో కరగని పదార్థంగా మారిపోతుంది. అదే ఆ తెట్టు. ఉతికే బట్టలోనూ జరిగేది ఇదే. ఆ తెట్టు పోగుల సందుల్లో చిక్కుకుంటుంది. ఎంత జాడించినా పూర్తిగా వదలదు. ప్రతి ఉతుకుకూ కొంచెం కొంచెం చేరి, తువ్వాలు తోలులాగా తయారవుతుంది. బట్టల పొడి ఇంతగా తెట్టు కట్టదు. కాని అందులో సోడా ఉంటుంది. పొడి ఎక్కువగా వేసి తక్కువగా జాడిస్తే అది బట్టలో మిగిలి గరుకుదనం తెస్తుంది. మన ఇళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే: నురుగు ఎంత ఎక్కువైతే మురికి అంత బాగా పోతుందనుకొని గుప్పెళ్ళతో పొడి పోస్తారు!

ఇంకొక కారణం కూడా ఉన్నది. ఇది కాస్త చిత్రమైనది. తెట్టు లేకుండా, మంచినీటిలో ఉతికిన తువ్వాలుకూడా గాలి ఆడని చోట కదలకుండా ఆరితే కొంత బిరుసుగానే ఉంటుంది. ఎందుచేత? జపానులోని కావో సంస్థ శాస్త్రజ్ఞులు, హొక్కైడో విశ్వవిద్యాలయం వారు కలిసి పరిశోధించి 2020లో దీనికి సమాధానం ప్రకటించారు. బట్ట ఆరిపోయిందని మనం అనుకున్నాక కూడా పత్తి పోగును అంటిపెట్టుకొని ఇసుమంత నీరు మిగిలే ఉంటుంది. ఆ నీరు మామూలు నీటిలా ప్రవర్తించదు. జిగురులాగా పక్కపక్క పోగులను అతికిస్తుంది. అందుకనే, బిరుసెక్కిన తువ్వాలును రెండు చేతులా పట్టి నలిపితే కాస్త మెత్తబడుతుంది. అతుకులు ఊడిపోతాయన్నమాట.

ఇక కొట్లో అమ్మే సీసాలో ఏమున్నదో చూద్దాం. అందులో ముఖ్యమైనది కొవ్వువంటి పొడుగైన తోక గల ఒక రసాయనం. దాని తలకు ధన విద్యుదావేశం ఉంటుంది. తడిసిన పత్తిపోగుకు రుణావేశం ఉంటుంది. అందుచేత ఆ తల వచ్చి పోగును అంటుకొని, తోక బయటికి తేలుతుంది. పోగులు ఒకదానిమీద ఒకటి జారుతాయి. చేతికి మెత్తగా తగులుతుంది. కాని జిడ్డుపూత ఉన్నచోట నీరు నిలుస్తుందా? నాయనమ్మ తువ్వాలు నీరు పీల్చకపోవడానికి కారణం ఇదే. సీసాను నేను తిట్టడం లేదు; అది చెప్పిన పని చేసింది. కాని ఒళ్ళు తుడుచుకొనే గుడ్డకు కావలసిన పని వేరు.

సరే, ఇప్పుడు మందు. మొదటిది పైసా ఖర్చు లేనిది. పొడి సగానికి తగ్గించి, ఇంకొకసారి జాడించండి. జాడించిన నీరు తేటగా కనిపించేదాకా వదలవద్దు. పిండిన తువ్వాలును తీగమీద వేసేముందు రెండు కొసలూ పట్టుకొని, చప్పుడు వచ్చేటట్లు పది పదిహేనుసార్లు విదిలించండి. పాత రోజులలో చాకలి రేవున ఈ చప్పుడు వినిపించేది. గాలి తగిలేచోట ఆరవేసి, సగం ఆరినప్పుడు మళ్ళీ ఒకసారి విదిలించండి. కదులుతూ ఆరే పోగులు అంత సులువుగా అతుక్కోవు. ఈ పని పిల్లలు చేయదగినది. అమ్మ చేయి నొప్పి పుట్టేదాకా ఆమెకే వదలవద్దు.

రెండవది పులుపు. వంటలో వాడే తెల్ల వెనిగర్ అర కప్పు ఒక బకెట్ నీటిలో కలిపి, ఆ నీటిలో తువ్వాలును చివరిసారి జాడించాలి. వెనిగర్‌లోని ఆమ్లం బట్టలో మిగిలిన సోడాను విరిచేస్తుంది, సున్నపు పెచ్చును కరిగిస్తుంది, సబ్బు తెట్టునుకూడా కొంతవరకు విడగొడుతుంది. పుల్లని వాసన వస్తుందని భయపడవద్దు. అది ఆరేటప్పుడు ఎగిరిపోతుంది. వెనిగర్ లేకపోతే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు తలకొట్టిన ఒక చెంచా చాలు. ఇది ఎగిరిపోదు గనుక తరువాత మామూలు నీళ్ళలో ఒకసారి ముంచి తీయాలి. చింతపండు కూడా పులుపే గదా అని నేను ఒకసారి వాడి చూచాను. పంచె మెత్తబడిన మాట ఏమోగాని, దానికి పట్టిన గోధుమరంగు మాత్రం చిరిగేదాకా వదలలేదు!

బట్టలు ఉతికే యంత్రం ఉన్నవారు, పులుపు పోసేముందు దానితో వచ్చిన పుస్తకం చూడాలి. కొన్నింటి రబ్బరు భాగాలకు ఆమ్లం పడదు. జరీ ఉన్న పట్టుచీరల మీద మాత్రం ఎవరూ ఈ ప్రయోగాలు చేయకూడదు. వాటికి కుంకుడురసమే మేలు. కుంకుడులోని సపోనిన్ సబ్బులాగా కఠినజలంలో తెట్టు కట్టదు. ఉన్నిబట్టలకూ అదే మంచిది. కళ్ళలో పడితే మాత్రం ఎంత మంటో మీకు తలంటు రోజున తెలిసే ఉంటుంది.

ఇక ఒక ముఖ్యమైన మాట. ఇది పెద్దలుకూడా చదవాలి. బ్లీచింగ్ పౌడరుగాని, తెల్లబట్టలకు వాడే బ్లీచి ద్రవంగాని ఉన్న నీటిలో వెనిగర్, నిమ్మ ఉప్పు, నిమ్మరసం ఏదీ ఎన్నటికీ కలపకూడదు. కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మను సైన్యం శత్రువుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. నా సంగతి చెబుతాను. ఒకసారి మా ఇంట్లో పంచెలు బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో నానుతున్నాయి. ఒక జాడింపు తప్పుతుందిగదా అనుకొని అందులోనే నిమ్మ ఉప్పు వేశాను. స్నానాలగదికి ఉన్నది ఒకటే చిన్న కిటికీ. ఒక్క క్షణంలో గొంతు పట్టేసింది, కళ్ళు మండాయి, దగ్గుతూ బయటికి పరుగెత్తాను. ముప్ఫై ఏళ్ళు తరగతిలో క్లోరిన్ పాఠం చెప్పినవాణ్ణి! మా ఇంటావిడ ఆ రోజు ఏమన్నదో ఇక్కడ వ్రాయను. సాయంత్రందాకా గుండెల్లో నొప్పి తగ్గలేదు. ఆ గదిలో నాకు బదులు ఒక చిన్నపిల్ల ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ తలచుకుంటాను.

వంటసోడా, వెనిగర్ ఒకేసారి కలిపి పోస్తే రెట్టింపు పని జరుగుతుందని కొందరంటారు. అది ఉత్త మాట. ఆమ్లమూ క్షారమూ ఒకదానినొకటి విరిచేసుకుంటాయి. బుసబుస పొంగేది కార్బన్ డయాక్సైడు. అది పోయాక మిగిలేది ఒక లవణం కలిసిన నీరు. చూడటానికి వేడుకే గాని తువ్వాలుకు ఒరిగేది లేదు. సోడాను వాడాలంటే ముందే వాడాలి. కఠినజలంలో చాకలిసోడా ఒక చెంచా కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచితే సున్నం అడుగున మడ్డిగా దిగుతుంది. పైన తేరిన నీటిని మెల్లగా వంచుకొని ఉతకడానికి వాడుకోవచ్చు. వానాకాలంలో ఆ శ్రమకూడా అక్కరలేదు. చూరు కింద గంగాళం పెడితే సరి. మొదటి జల్లు మాత్రం వదిలేయండి, కప్పుమీది దుమ్మంతా అందులోనే వస్తుంది.

లెక్కలంటే ఇష్టమున్నవారికి ఒక లెక్క. మీ ఇంటి సీసా మీద ధర, ఎన్ని ఉతుకులకు వస్తుందో చూడండి. ఒక జాడింపుకు ఎంత పడుతుందో భాగించండి. వెనిగర్‌కూ, నిమ్మ ఉప్పుకూ అదే లెక్క వేయండి. వెనిగర్ చిన్న సీసాలలో కొంటే ఒక్కొక్కప్పుడు ఆదా ఏమీ ఉండదు. నిమ్మ ఉప్పు విడిగా తూచి అమ్మే కొట్టు ఉంటే సంగతి వేరు. ధరలు ఊరూరికీ మారుతాయి గనుక జవాబు నేను ఇవ్వను.

అమ్మాయీ! మీ నాయనమ్మ తువ్వాలుకు ఇప్పటికే జిడ్డుపూత పట్టి ఉంది గనుక ఒక్క ఉతుకుతో గుణం కనిపించదు. ఇంటిలో పెద్దవారి చేత వేడినీళ్ళు పోయించి, కొంచెం పొడితో ఉతికి, పులుపునీళ్ళలో జాడించు. ఇలా మూడు నాలుగుసార్లు చేయాలి. ప్రతిసారీ ఆరిన తరువాత దానిమీద ఒక నీటిచుక్క వేసి, అది ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూచి వ్రాసిపెట్టు. తువ్వాలు మెత్తబడ్డా నాయనమ్మ చేతులమీది చారలు తగ్గకపోతే మాత్రం నాకు వ్రాయడం కాదు, డాక్టరుగారికి చూపించమని నాన్నగారితో చెప్పు.