నోట్స్ ప్లెయిన్ టెక్స్ట్‌లో ఉన్నాయి సరే, మరి పహాణీ ఫొటో సంగతేంటి?

"మీ నోట్స్ అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే, యాప్ పోయినా డేటా మీ దగ్గరే ఉంటుంది." నోట్స్ యాప్‌ల మీద వచ్చే ప్రతి రెండో వీడియోలో ఈ ముక్క వినపడుతుంది. అబ్సిడియన్ వాడేవాళ్లయితే దీన్ని మంత్రంలా చదువుతారు. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్‌ని బయటపెట్టాడు. అప్పుడు రాసిన ఫైల్ ఇవాళ్టికీ నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, ఆ మాట నిజమే. కానీ సగమే నిజం. టెక్స్ట్ మీ దగ్గర ఉంటుంది. దానికి తగిలించిన ఫొటో, పీడీఎఫ్, స్కాన్ ఏ ఫోల్డర్‌లో పడ్డాయి, ఏ పేరుతో పడ్డాయి, రేపు యాప్ మార్చితే ఆ లింక్ తెరుచుకుంటుందా? ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

సినిమాల లిస్టు రాసుకునేవాళ్లకి ఇదేం పెద్ద సమస్య కాదు. ఒక స్క్రీన్‌షాట్ పోతే పోయింది. అదే కొండకల్‌లో భూమి ఉన్న ఇంటి పిల్లలైతే?

కొండకల్ అంటే రంగారెడ్డి జిల్లా, శంకర్‌పల్లి మండలం. 2023 జూన్‌లో మేధా వాళ్ల రైలు కోచ్‌ల ఫ్యాక్టరీ మొదలైంది అక్కడే. అటు చేవెళ్ల, ఇటు మొయినాబాద్, మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు వైపు పాకుతున్న వెంచర్లు. ఈ చుట్టుపక్కల ఎకరం ధర కోట్లలో మాట్లాడుకుంటారు. ఇలాంటి చోట ఇంట్లో టెక్నాలజీ తెలిసిన పిల్లాడికో పిల్లకో తప్పకుండా ఒక డ్యూటీ పడుతుంది: "బిడ్డా, ఈ కాగితాలన్నీ జర ఫోన్‌ల ఎక్కియ్యి." ఆ కాగితాలేంటంటే పట్టాదారు పాస్ పుస్తకం, 1బి, పహాణీలు, ఈసీ, రిజిస్ట్రేషన్ దస్తావేజు, సర్వేయర్ ఇచ్చిన టిప్పన్, ఎప్పుడో తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా. కాస్త పాత కుటుంబమైతే 1954-55 ఖాస్రా పహాణీ నకలు కూడా ఉంటుంది, అదీ చాలాసార్లు ఉర్దూలో.

ఇప్పుడు చెప్పండి, ఇందులో నోట్స్ ఏది, అటాచ్‌మెంట్ ఏది? ఇక్కడ అసలు సరుకంతా అటాచ్‌మెంట్లే. టెక్స్ట్ అనేది వాటి చుట్టూ కట్టిన తాడు.

చాలా ఇళ్లలో ఈ కాగితాలు వాట్సాప్‌లో ఉంటాయి. బాపు ఫొటో తీసి కొడుక్కి పంపుతాడు, కొడుకు లాయర్‌కి ఫార్వర్డ్ చేస్తాడు. ఇక్కడే రెండు నష్టాలు జరుగుతాయి. ఒకటి, ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. పహాణీలో చిన్న అక్షరాలతో ఉన్న కాలమ్ చదవడానికి రాదు. రెండోది ఇంకా దొంగ నష్టం. ఫైల్ పేరు ఐఎంజీ, ఒక తేదీ, డబ్ల్యూఏ, ఒక నంబర్ అని మారిపోతుంది. ఆ తేదీ వాట్సాప్ వేసిందే కానీ ఫొటో తీసిన రోజో, కాగితం మీది తేదీయో కాదు. డాక్యుమెంట్‌గా పంపితే ఆ కుదింపు బాధ ఉండదు. ఇంట్లోవాళ్లకి ముందు నేర్పాల్సింది అది. యాప్ ఇన్‌స్టాల్ చేయించడం తర్వాత.

ఇంకో అలవాటు, నోట్‌లో సర్కారు వెబ్‌సైట్ లింక్ పెట్టి వదిలేయడం. తెలంగాణలో దీని గతి ఏమైందో మనందరం చూశాం. మొదట మా భూమి పోర్టల్. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చింది. పదేళ్లు తిరిగేలోపు మూడు చిరునామాలు. భూమి మాత్రం అంగుళం కదల్లేదు. ఈసీ సంగతి చూడండి, ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కాల్సిందే. లాయర్లు మామూలుగా 30 ఏళ్ల ఈసీ అడుగుతారు. సైట్‌లో కనపడిన రోజే పీడీఎఫ్ దించి పెట్టుకోవాలి. లింక్ కూడా రాసుకోండి, తప్పులేదు, కానీ దాన్ని కాగితం కింద లెక్కేయకండి.

"గూగుల్ డ్రైవ్ ఉందిగా, అందులో పెట్టి లింక్ తగిలిస్తే అయిపోదా?" అని అడిగేవాళ్లున్నారు. ఆ లింక్ పనిచేసేది ఆ అకౌంట్ బతికున్నంత కాలమే. రెండేళ్లు ఎవరూ వాడని అకౌంట్లని తీసేసే పాలసీని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమల్లో పెట్టింది. మొబైల్ షాపు కుర్రాడు క్రియేట్ చేసిన, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేని బాపు జీమెయిల్ మీద మూడు తరాల కాగితాలు వేలాడదీయడం నాకైతే మింగుడుపడదు. డ్రైవ్‌లో ఒక కాపీ ఉండనివ్వండి. నోట్ నుంచి లింక్ మాత్రం పక్కనున్న ఫైల్‌కే వెళ్లాలి.

ఇక యాప్‌ల దగ్గరికి వద్దాం. ఒక్కోటి ఒక్కో రకం. అబ్సిడియన్‌లో ఏ సెట్టింగ్ ముట్టుకోకపోతే ఫొటోలన్నీ వాల్ట్ మొదటి ఫోల్డర్‌లోనే పడతాయి, అతికించిన ప్రతి బొమ్మకీ తేదీ, టైముతో ఒక పేరు పెట్టేస్తుంది. ఫైళ్ల మీద నడిచే లాగ్‌సెక్ అన్నిటినీ అసెట్స్ అనే ఒకే సంచిలో కుక్కుతుంది. జాప్లిన్ మార్క్‌డౌన్‌లోనే రాయిస్తుంది కానీ దాచేది డేటాబేస్‌లో. అటాచ్‌మెంట్‌కి 32 అక్షరాల ఐడీ ఇస్తుంది, నోట్‌లో లింక్ కూడా ఆ ఐడీతోనే. యాప్ లోపల ఉన్నంతసేపు అంతా సాఫీ. బయటి నుంచి ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే మాత్రం ఏది పాస్ పుస్తకమో, ఏది పెళ్లి ఫొటోనో దేవుడికెరుక. ఎక్స్‌పోర్ట్ చేస్తే బాగానే ఇస్తుందనుకోండి, కానీ ఎక్స్‌పోర్ట్ చేయాలని గుర్తుండేది ఎందరికి?

అబ్సిడియన్‌నే తీసుకుంటే, దాని డబుల్ బ్రాకెట్ లింక్ అంటే అందరికీ ప్రేమ. ![[పహాణీ-2016.jpg]] అని పేరు కొడితే చాలు, ఫైల్ ఏ మూల ఉన్నా వెతికి పట్టుకుంటుంది. ఆ వెతకడం అబ్సిడియన్ చేస్తున్న పని, మీ ఫైల్‌లో లేదు. వేరే ఎడిటర్‌లో తెరిస్తే అది ఉత్త బ్రాకెట్లు. అందుకే అటాచ్‌మెంట్ల విషయంలో నేను పాత మార్క్‌డౌన్ పద్ధతి వైపే: సెట్టింగ్స్‌లో వికీ లింకులు ఆపేసి, కొత్త లింకుల ఫార్మాట్‌ని రిలేటివ్ పాత్‌కి మార్చండి. చూడ్డానికి అంత ముద్దుగా ఉండదు, కానీ వీఎస్ కోడ్‌లో తెరిచినా, గిట్‌హబ్‌లో చూసినా బొమ్మ కనపడుతుంది. అటాచ్‌మెంట్ల చోటుని కూడా నోట్ పక్కనే ఉండే సబ్‌ఫోల్డర్‌కి మార్చుకోండి.

మరి ఒకే దస్తావేజులో మూడు సర్వే నంబర్లుంటే? అక్కడే ఫోల్డర్ల లెక్క తప్పుతుంది. మన భూముల్లో ఇది రోజూ ఉండేదే. మొదటి సర్వే నంబర్ ఫోల్డర్‌లో పెడితే మిగతా రెండిట్లో దొరకదు, మూడిట్లోనూ కాపీ చేస్తే ఏది అసలుదో తెలియదు.

ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. ప్రతి కాగితానికీ ఒక నోట్ ఉండాలి, ఆ ఫైల్‌కి లింక్ ఆ ఒక్క నోట్ నుంచే ఉండాలి. మిగతా ఎక్కడ ఆ కాగితం ప్రస్తావన వచ్చినా, ఆ నోట్‌కి లింక్ ఇవ్వండి, నేరుగా ఫైల్‌కి వద్దు. ఇంటికి ఒకటే గుమ్మం అన్నట్టు. రేపు ఫైల్ పేరు మారినా, ఇంకా మంచి స్కాన్ దొరికినా, యాప్ మారినా, సరిచేయాల్సింది ఒక్కచోటే. సర్వే నంబర్ల నోట్స్, పాలోళ్ల వాటాల నోట్, కోర్టు తేదీల నోట్, అన్నీ ఆ గుమ్మం దగ్గరికే వస్తాయి.

ఆ నోట్‌లో నాలుగు లైన్లు మీ చేత్తో టైప్ చేయండి. కాగితం పేరు, దాని మీది తేదీ, సర్వే నంబర్, విస్తీర్ణం ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలు, ఎవరి పేరు మీద ఉంది, అసలు ప్రతి ఎక్కడుంది: బీరువాలోనా, పెద్దనాయన దగ్గరా, బ్యాంకులోనా. "ఓసీఆర్ ఉందిగా" అంటారేమో. ప్రింట్ అయిన తెలుగుని గూగుల్ లెన్స్ బాగానే చదువుతుంది. పట్వారీ చేతిరాతనీ, ఉర్దూ ఖాస్రా నకలునీ దానికి అప్పజెప్పి నిద్రపోలేం. ఉర్దూ తెలిసిన పెద్దమనిషి ఒక్కసారి చదివి చెప్తుంటే పక్కన తెలుగులో రాసుకోండి. ఆ చదవగలిగే తరం వెళ్లిపోతోంది, ఈ పని తర్వాత ఏ యాప్ అప్‌డేట్‌లోనూ రాదు.

ఇక ఫైల్ పేర్లు. ఇంగ్లిష్ వీడియోల్లో దొరకని సరదా అంతా మనకిక్కడుంది.

సర్వే నంబర్‌తోనే మొదలవుతుంది తంటా. ఉదాహరణకి 214/అ/2 అనుకుందాం. ఆ గీత ఫైల్ పేరులో పెట్టడానికి కుదరదు, కంప్యూటర్‌కి అది ఫోల్డర్ గుర్తు. 214-అ-2 అని రాసుకోవాలి, అన్నిచోట్లా అలాగే.

తర్వాత పొడవు. ఆండ్రాయిడ్, లినక్స్‌లలో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకి 3 బైట్లు, గుడులూ దీర్ఘాలూ కూడా విడిగా లెక్క. "కొండకల్" మనకి నాలుగు అక్షరాల్లా కనపడుతుంది. యూనికోడ్‌లో క, ఒత్వం, సున్నా, డ, క, ల, పొల్లు కలిపి 7 గుర్తులు, 21 బైట్లు. వెబ్ లింకుల్లోలాగా పర్సెంట్ గుర్తులతో రాస్తే 63 క్యారెక్టర్లు! మొత్తం మీద 85 గుర్తుల్లో పేరు ముగించాలి. కాగితం కథంతా ఫైల్ పేరులో రాసేవాళ్లు జాగ్రత్త.

అసలు మాయ కనపడని అక్షరాలది. "శంకర్‌పల్లి" అని సరిగ్గా రాయాలంటే ర్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు పెట్టాలి, లేకపోతే "శంకర్పల్లి" అవుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని మనం అడక్కుండానే పెడతాయి, కొన్ని ఎంతకీ పెట్టవు. పదం చివర పొల్లు ఉంటే ఇంకా ఘోరం, ఆ గుర్తు ఉన్నా లేకున్నా "కొండకల్" కంటికి ఒకేలా ఉంటుంది. కంప్యూటర్‌కి అవి రెండు వేరే పేర్లు, లింక్ తెగిపోతుంది, మనం కళ్లు చించుకుని చూసినా తేడా దొరకదు. ఐత్వానిది ఇంకో కథ. "రైతు"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులుగా విడగొట్టీ రాయొచ్చు. పాత మ్యాక్‌లు ఫైల్ పేర్లని విడగొట్టిన రూపంలో దాచేవి. అలాంటి డిస్క్ నుంచి వచ్చిన "రైతుబంధు" ఫైల్, మీరు టైప్ చేసిన "రైతుబంధు" లింక్ ఒకటి కాకపోవచ్చు.

"అయితే ఇంగ్లిష్‌లో పెట్టేద్దాం" అంటారా? శంకర్‌పల్లిని ఇంగ్లిష్‌లో పల్లీ, పల్లె, పల్లి అని మూడు రకాల స్పెల్లింగులతో రాసే బోర్డులు ఆ రోడ్డు మీదే ఉన్నాయి. నా ఓటు తెలుగుకే, ఎందుకంటే నేను ఊళ్లో లేనప్పుడు ఆ ఫోల్డర్ తెరిచేది ఇంట్లోవాళ్లు. కాకపోతే ఫైల్ పేరులో ఊరి పేరు అసలు వద్దు, అది ఫోల్డర్‌కి ఎలాగూ ఉంది. సంవత్సరం, సర్వే నంబర్, కాగితం రకం: 2016-214-అ-2-పహాణీ. అంతే. ఐత్వం లేదు, మధ్యలో పొల్లు లేదు, ఖాళీలు లేవు. ఇంకా అనుమానముంటే లింక్‌ని చేత్తో టైప్ చేయకుండా యాప్ చూపించే లిస్టులోంచి ఎంచుకోండి.

ఐఫోన్ వాడేవాళ్లకి ఒక మాట. కెమెరా ఫార్మాట్‌ని హైక్ నుంచి జేపెగ్‌కి మార్చుకోండి, అబ్సిడియన్ చూపించే బొమ్మల ఫార్మాట్లలో హైక్ లేదు. 48 మెగాపిక్సెల్ మోడ్ కూడా ఆపేయండి. అబ్సిడియన్ సింక్ చౌక ప్లాన్‌లో ఒక్కో ఫైల్ 5 ఎంబీ దాటకూడదు, అలాంటి ఫొటో సులువుగా దాటేస్తుంది. ఫోన్‌లో కనపడే కాగితం ల్యాప్‌టాప్‌లో కనపడదు, కారణం వెతుక్కుంటూ కూర్చోవాలి. గిట్ వాడే వీరులకి చెప్పేదేంటంటే, స్కాన్లు మార్చిన ప్రతిసారీ పాత కాపీ చరిత్రలో ఉండిపోయి రిపో ఉబ్బిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ రిపో ప్రైవేట్‌గా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. ఈ కాగితాల్లో ఆధార్ నంబర్లు, సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి.

అన్నీ సర్దాక ఒక పరీక్ష పెట్టండి. ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, అబ్సిడియన్ లేని కంప్యూటర్‌లో, అంటే మీ ఊరి ఇంటర్నెట్ సెంటర్‌లోదో ఫ్రెండ్‌దో, పెట్టి చూడండి. నోట్‌ప్యాడ్ తప్ప ఇంకేమీ తెరవొద్దు. ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టి "214-అ-2 పాత పహాణీ చూపించు" అని అడగండి. రెండు నిమిషాల్లో దొరక్కపోతే సెట్టింగ్స్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. దొరికితే, పెన్‌డ్రైవ్ తీసేముందు ఆ కంప్యూటర్‌లో కాపీ ఏమీ మిగల్లేదు కదా అని చూసుకుని రండి.