తప్పు పేరుదా? నియమానిదా?

పోయిన వర్షాకాలంలో మా పాఠశాల కంప్యూటర్ గదిలో ఒక చిన్న సంగతి జరిగింది. అందులో తప్పు నాది కూడా ఉంది. అందుకే దాన్ని దాచకుండా మీ ముందు పెడుతున్నాను.

మా తొమ్మిదో తరగతి పిల్లలు బడి ఆవరణలో వానమాపకం పెట్టి, రోజూ ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో పుస్తకంలో రాసుకొనేవారు. వారం రోజుల వానను కూడి సగటు చెప్పే ప్రోగ్రాం ఒకటి పైథాన్ భాషలో రాయమన్నాను. ఒక అమ్మాయి పేర్లన్నీ తెలుగులో పెట్టింది. కూడిక చేసే భాగానికి 'మొత్తం' అనీ, భాగహారం చేసే భాగానికి 'సగటు' అనీ పేర్లు.

మేము వాడే ఎడిటర్ ప్రోగ్రాంలోని మాటలకు రంగులు వేస్తుంది. భాషకు చెందిన ఆజ్ఞలకు ఒక రంగు, కొత్తగా పెట్టిన పేర్లకు నీలం, వ్యాఖ్యలకు మరొక రంగు. ఆ అమ్మాయి తెర మీద 'సగటు' అన్న పేరులో స, గ, ట నీలంగా మారాయి గాని, కొమ్ముకు రంగు పట్టలేదు. 'మొత్తం' అన్న పేరులో అయితే 'మ' ఒక్కదానితోనే నీలం ఆగిపోయింది.

"మాస్టారండీ, నానేటి తప్పు రాసినాను?" అని అడిగింది.

నేను తెర వైపు ఒకసారి చూసి, "తెలుగు పేర్లు కంప్యూటర్‌కు సరిపడవమ్మా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకో" అన్నాను. ఆ పిల్ల మారు మాట్లాడకుండా అన్నీ చెరిపేసింది.

రాత్రి ఇంటి దగ్గర ఆ మాటే గుర్తుకొచ్చింది. ఇన్నేళ్లుగా ప్రయోగం చేయనిదే ఫలితం రాయవద్దని పిల్లలకు చెబుతున్నవాణ్ణి. మరి ఆ ప్రోగ్రాంను నడిపించి చూశానా? లేదు. రంగు చూసి తీర్పు చెప్పేశాను. మర్నాడు ఆ తెలుగు పేర్లతోనే ప్రోగ్రాంను మళ్లీ రాయించి నడిపించాం. ఒక్క తప్పు కూడా లేకుండా సగటు వచ్చింది! 2008లో వెలువడిన మూడవ పైథాన్ నుంచి పేర్లలో తెలుగు అక్షరాలు చెల్లుతాయి. తప్పు పేరుది కాదు, రంగు వేసే నియమానిది.

ఆ నియమం ఎలా పనిచేస్తుందో చూద్దాం. రంగులు వేసే ఎడిటర్ ప్రోగ్రాంను అర్థం చేసుకోనక్కరలేదు, నడిపించనూ నడిపించదు. 'ఈ రూపంలో ఉన్న మాటకు ఈ రంగు' అన్న నియమాల పట్టిక ఒకటి దాని దగ్గర ఉంటుంది. ఉదాహరణకు, పైథాన్‌లో # గుర్తు తర్వాత వరస చివరిదాకా ఉన్నదంతా వ్యాఖ్య. ఆ ఒక్క నియమమే ఉందనుకోండి. ఉల్లేఖన చిహ్నాల మధ్య "గది #5" అని రాస్తే, అక్కడి # నుంచి కూడా వ్యాఖ్య రంగు పడిపోతుంది. కనుక 'ముందు ఉల్లేఖనాలను గుర్తించు, వాటి బయట ఉన్న # నే వ్యాఖ్యగా తీసుకో' అని నియమాన్ని సవరించాలి. ఇలా ఒక్కొక్క పొరపాటు చూసి ఒక్కొక్క నియమాన్ని పదును పెట్టుకుంటూ పోతారు. 2021లో వచ్చిన పైథాన్ 3.10లో 'మ్యాచ్' అన్న మాట కొన్ని చోట్ల ఆజ్ఞ, మిగతా చోట్ల మామూలు పేరు అయింది. అప్పుడూ ఎడిటర్ల నియమాలను తిరగరాయవలసి వచ్చింది.

ఇప్పుడు మన 'సగటు' సంగతి. పేర్ల నియమం ఇలా ఉంది: 'అక్షరాలు, అంకెలు, కింది గీతలు వరసగా ఎంతవరకు ఉంటే అంతవరకు నీలం.' ఇంగ్లీషుకు ఇది చాలు. కాని కంప్యూటర్ లోపల తెలుగు ఎలా ఉంటుంది? ప్రపంచ లిపులకు సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గడులున్నాయి. 'సగటు' నాలుగు గుర్తులుగా నిలవ ఉంటుంది: స, గ, ట, కొమ్ము. యూనికోడ్ లెక్కలో మొదటి మూడూ అక్షరాలు, కొమ్ము మాత్రం అక్షరానికి చేరే గుర్తు. 'మొత్తం' అంటే ఆరు గుర్తులు: మ, ఒత్వం, త, పొల్లు, త, సున్న. వీటిలో మూడే అక్షరాలు. నియమం రాసినవారు చేరే గుర్తులను తలచుకోలేదు. గుణింతం రాని పిల్లవాడు తెలుగు చదివినట్టు ఎడిటర్ మన పేర్లను చదివింది!

ఆ ఎడిటర్‌లో నియమాలను మనమే మార్చుకొనే వీలుంది. పిల్లలూ నేనూ కూర్చుని, '3072 నుంచి 3199 వరకు ఉన్న గుర్తులన్నిటినీ పేర్లలో చేర్చు' అని రాశాం. 'సగటు' పూర్తిగా నీలమైంది. అందరూ చప్పట్లు కొట్టారు.

కాని అంతలోనే ఒక కుర్రవాడు '౨వారాలు' అని పేరు పెట్టాడు. అదీ చక్కగా నీలమైంది. నడిపిస్తే పైథాన్ ఒప్పుకోలేదు, పేరు అంకెతో మొదలు కాకూడదు కదా! మా నియమం తెలుగు అంకెలను కూడా అక్షరాలతో కలిపేసింది. ఇది మొదటి తప్పుకంటే చెడ్డది. మొదటిది ఒప్పును తప్పుగా చూపింది, ఇది తప్పుకు ఒప్పు రంగు పూసింది. కాబట్టి రెండవ సవరణ చేశాం: పేరు మొదట అక్షరమో కింది గీతో ఉండాలి, అంకెలూ చేరే గుర్తులూ ఆ తర్వాతే రావాలి.

ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు నాకు మన జిల్లాకు చెందిన ఒక ఉపాధ్యాయుడు గుర్తుకొచ్చారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, సవరలను ఇంటికి పిలిపించుకొని, వారి నోట విని సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం మాట్లాడే తీరు చూసి నియమం రాయాలి గాని, పాత నియమం పట్టుకొని జనానిది తప్పనకూడదన్నది ఆయన తెలుగు విషయంలోనూ చేసిన పోరాటం.

సవర భాషకు 1936లో మంగేయ్ గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేశారు. 2012లో దానికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ లిపి అక్షరాలతో ఎవరైనా పేరు పెడితే పైథాన్ ఒప్పుకుంటుంది. మరి మేము సవరించిన నియమం? రంగు వేయదు! ఎందుకంటే తెలుగు గడులను మాత్రమే చేర్చుకున్నాం. మనకు జరిగిన అన్యాయాన్నే మనం పక్కవారికి చేశామన్నమాట. మూడవసారి కూర్చుని, ఏ లిపినీ పేరుతో చెప్పకుండా, 'యూనికోడ్ అక్షరమని చెప్పినవి, చేరే గుర్తని చెప్పినవి, అంకె అని చెప్పినవి' అని రాశాం. నియమం పొట్టిదైంది, ఎక్కువ మందికి పనికొచ్చేదైంది.

రంగులు ఒట్టి అలంకారమే కదా, దీనికింత శ్రమ ఎందుకని కొందరంటారు. అనుభవమున్నవారికి అవి అలంకారమే కావచ్చు. కొత్తగా నేర్చుకునే పిల్లకు రంగు ఉపాధ్యాయుడి ఎర్ర సిరా వంటిది. అది తప్పని చూపిస్తే పిల్ల నమ్ముతుంది, తన భాషనే చెరిపేసుకుంటుంది. నా కళ్లతో చూశాను.

ప్రోగ్రాంలు ఇంగ్లీషు పేర్లతో రాస్తేనే నలుగురికీ పనికొస్తాయని మరికొందరంటారు. అది నిజమే. దేశదేశాలవారు కలిసి చేసే పనిలో అందరికీ తెలిసిన పేర్లే ఉండాలి, మీరు ఇంగ్లీషు శ్రద్ధగా నేర్చుకోవాలి కూడా. కాని మొదటి మెట్టు మీద ఉన్న పిల్ల, సగటు అంటే ఏమిటో తన మాటలో తెలుసుకొని, ఆ మాటనే పేరుగా రాసుకుంటే నష్టమేమిటి? ఏ పేరు పెట్టుకోవాలో ఆమె ఎంచుకోవాలి. అసంపూర్ణమైన నియమం ఆమె తరఫున ఎంచుకోకూడదు.

కనుక నా అభిప్రాయం ఇది. ఎడిటర్లు తయారుచేసేవారు తమ నియమాలను గుణింతాలూ ఒత్తులూ ఉన్న పేర్లతో కూడా పరీక్షించాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్తించలేని పిల్లలు కూడా మన తరగతుల్లో ఉంటారు, వారికోసం రంగుతో పాటు అక్షరం లావునో వాలునో మార్చాలి. నావంటి ఉపాధ్యాయులు తెర చూసి తీర్పు చెప్పకుండా, నడిపించి చూసి చెప్పాలి.

మీరేం చేయాలి? మూడు పేర్లు తీసుకోండి: ఒకటి ఒత్తున్నది, ఒకటి తెలుగు అంకెతో మొదలయ్యేది, ఒకటి మీ ఊరి పేరు. ఏది ఏ రంగులో వస్తుందో, పైథాన్ దేనిని ఒప్పుకుంటుందో ముందుగా కాగితం మీద రాసుకోండి. తర్వాత చేసి చూడండి. రంగుకూ ఫలితానికీ పొత్తు కుదరకపోతే, వెంటనే మీ పేరును చెరిపేయకండి. నియమాన్ని ఒకసారి అనుమానించండి.

మా అమ్మాయి ప్రోగ్రాం ఇప్పుడు 'సగటు' పేరుతోనే నడుస్తోంది. ఆమెకు నేను తరగతిలో అందరి ముందూ చెప్పాను: "తప్పు నీది కాదమ్మా, నాది."