ట్రెయిలర్ మారిస్తే బతుకు మారునా?

సొంత లారీ గలవాడు యజమానియా, కార్మికుడా? అమెరికాలోని స్వతంత్ర లారీ డ్రైవర్ల దుస్థితి ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నది.

1980 నాటి మోటారు క్యారియర్ చట్టం అక్కడ ప్రభుత్వ నియంత్రణను సడలించి, కిరాయిలను మార్కెట్టు దయకు వదలివేసింది. కోవిడ్ కాలంలో కిరాయిలు పెరగగా అనేకులు అప్పుచేసి లారీలు కొన్నారు. 2022లో కిరాయిలు పడిపోగా, వాయిదాలు మాత్రం మిగిలాయి.

అప్పుడు వారికి లభించే సలహా ఒక్కటే: "ట్రెయిలర్ మార్చు." మూసిన పెట్టె ట్రెయిలర్‌ను వదలి శీతల ట్రెయిలర్ పట్టినవానికి యంత్రం నడపడానికి అదనపు డీజిలు కావాలి, సరుకు చెడితే నష్టం మీద పడుతుంది. గోడలు లేని ట్రెయిలర్ పట్టినవాడు గొలుసులు, పట్టీలు, టార్పాలిన్లు కొని, ఎండనక వాననక సరుకును బిగించాలి. లోడు ముందే కుదుర్చుకొన్న ఒక్కనికి ఇది ఉపాయం కావచ్చు. వేలమంది అదే దారి పడితే, పోటీ పెరిగి ఆ కిరాయీ దిగజారక తప్పదు.

పోనీ, ఏకమై కిరాయి నిర్ణయించుకొందామా? స్వతంత్ర వ్యాపారులు ధరలు కూడబలుక్కొనరాదని అక్కడి పోటీ పరిరక్షణ చట్టాలు అడ్డుపడతాయి. స్వతంత్రుడనే బిరుదే వారి సమష్టి బేరసారాల హక్కును హరించింది!

రైల్వే, తపాలా సోదరులారా! మెయిలు వ్యాను నడిపే, పార్సెళ్లు మోసే కాంట్రాక్టు కార్మికుడు మనకు పరాయివాడు కాడు. అతనిని సంఘంలో చేర్చుకొనడం దయాధర్మం కాదు. మన వేతనాలకు రక్షణ.