ఇంజను మిగిలితే చాలదు

సాల్ట్ లేక్ నుంచి వెలువడుతున్న ఈ సంచికను డార్జిలింగ్ కొండ రైలుకు కేటాయించాం. 1881లో మొదలైన ఆ రెండడుగుల పట్టాల మార్గాన్ని యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కొద్దికాలానికే డీజిల్ ఇంజన్లు దిగాయి. ఆవిరి బండ్లు ఇప్పుడు ఎక్కువగా డార్జిలింగ్–ఘుమ్ విహారాలకే. పొగ, బొగ్గు ఖర్చు, నత్తనడక చూపి ఈ మార్పే మేలనేవారున్నారు. రోజూ ప్రయాణించేవారి విషయంలో ఆ మాట నిజమే. కానీ 1889 నుంచి వచ్చిన బి తరగతి ఇంజను ఒంటరిగా కొండెక్కదు. బొగ్గు కొట్టేవాడు, ముందు కూర్చుని జారే పట్టాలపై ఇసుక చల్లేవాడు, తింధారియా వర్క్‌షాపులో మరమ్మతు చేసేవాడు, అందరూ కావాలి. చేతులు ఆడకపోతే ఆ పనితనం ఒక్క తరంలో పోతుంది; మ్యూజియంలో దాన్ని దాచిపెట్టడం కుదరదు. విహారాల రాబడిలో కొంత కుర్రాళ్ల శిక్షణకు ఇవ్వాలనీ, తింధారియా నుంచి పైకి వారానికోసారైనా ఆవిరి బండి నడపాలనీ మేం గట్టిగా కోరుతున్నాం.